క్యోటోలో ఒక రోజు: కాలువ గట్టు నుంచి ఇంజన్ షెడ్డు దాకా

నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు ఎక్కి పెరిగిన మా తరం వారికి, 2004లో అది ఆగిపోవడం ఇంటి మనిషి పోయినంత బాధ కలిగించింది. రైలంటే అటువంటి మమకారం ఉన్న గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగువారు ఎవరైనా జపాన్ వెళితే, క్యోటోను గుళ్ల వరుసలో కాక ప్రయాణ సాధనాల వరుసలో చూడాలని నా మనవి.

ఒసాకాలోని కన్సాయి విమానాశ్రయం నుంచి హరుకా ఎక్స్‌ప్రెస్ గంటంబావుకు క్యోటో చేరుస్తుంది. మరునాడు ఉదయాన్నే కరాసుమా మెట్రోలో కరాసుమా ఓయికె వరకు వెళ్లి, తోజాయి లైనుకు మారి, కెయాగెలో దిగండి. 794లో రాజధాని అయిన ఈ నగరం, 1869లో చక్రవర్తి టోక్యోకు తరలిపోవడంతో కళ తప్పింది. దానిని మళ్లీ నిలబెట్టడానికి, కొండల కింద సొరంగాలు తొలిచి బివా సరస్సు నీటిని ఇక్కడికి తెచ్చారు. 1885లో మొదలై 1890లో పూర్తయిన ఆ పనిని నడిపించిన ఇంజనీరు తనబె సకురో, అప్పుడప్పుడే చదువు ముగించుకున్న యువకుడు.

స్టేషన్ దగ్గరే ఒక చిన్న ఇటుకల సొరంగం ఉంది. లోపల ఆగి తలెత్తి చూడండి. ఇటుకలు తిన్నగా కాక, తాడు పేనినట్టు మెలితిరిగి సాగుతాయి. పైనున్న పట్టాల కింద దారి ఏటవాలుగా దాటుతుంది కనుక, బరువు మోయడానికి అలా పేర్చారు.

ఆ పట్టాలే కెయాగె ఇన్‌క్లైన్, అంటే వాలు మీద వేసిన పట్టాల దారి, పొడవు 582 మీటర్లు. ఎగువ కాలువకూ దిగువ కాలువకూ మధ్య 36 మీటర్ల ఎత్తు తేడా ఉండడంతో, పడవను సరుకుతో సహా చక్రాల బండి మీదికి ఎక్కించి, ఇనుప తాడుతో లాగేవారు. తాడును తిప్పిన కరెంటు 1891లో పని మొదలుపెట్టిన కెయాగె జలవిద్యుత్ కేంద్రానిది. నీళ్లు, పడవ, పట్టాలు, కరెంటు ఒక్కచోట కలిసే ఈ వాలు మీద కనీసం గంటసేపు నడవండి. టికెట్టు లేదు, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూల కోసం జనం విరగబడతారు కాబట్టి తెల్లవారగానే వెళ్లడం మేలు. పక్కనే నాన్‌జెన్‌జీ ఆలయ ప్రాంగణంలో ఇటుక కమానుల మీద సాగే కాలువ వంతెన ఉంది. పక్క మెట్లెక్కితే ఇప్పటికీ పారుతున్న నీరు కనబడుతుంది.

ఆ కరెంటుతోనే 1895 ఫిబ్రవరి 1న క్యోటో రైల్వే స్టేషన్ ప్రాంతం నుంచి ఫుషిమికి జపాన్‌లో మొట్టమొదటి ప్రయాణికుల విద్యుత్ ట్రామ్ నడిచింది. అదే ఏడు కట్టిన హెయాన్ మందిరం కెయాగె నుంచి నడక దూరమే. దాని తోటలో పాతకాలపు ట్రామ్ పెట్టె ఒకటి భద్రపరిచారు. తోటకు టికెట్టు ఉన్నా తప్పక చూడండి. నగర ట్రామ్‌లు 1978 సెప్టెంబరులో పూర్తిగా ఆగిపోయాయి. ట్రామ్ ఎక్కాలని మనసు పడితే, 1910 నుంచి అరషియామాకు నడుస్తున్న రాన్‌డెన్ ఉంది.

మధ్యాహ్నానికి ఉమెకోజి చేరండి. 1914 నాటి అర్ధచంద్రాకారపు ఇంజన్ షెడ్డు ఇప్పుడు 2016లో తెరిచిన రైల్వే మ్యూజియంలో భాగం. ఆవిరి ఇంజన్ లాగే బండిలో కాసేపు తిరగవచ్చు. ఎక్కేటప్పుడు ఇంజన్‌కు దగ్గరి పెట్టెలో కూర్చోండి, బొగ్గు పొగ వాసన అక్కడే బాగా తగులుతుంది.