ప్రథమ చికిత్స ఇంట్లోనే – 4వ పాఠం: ఆరడం వేరు, మానడం వేరు

కిందటి పాఠంలో, కింద పడి మోకాలు గీరుకుపోతే గాయం ఎలా కడగాలో చెప్పాను. చివర్లో “శుభ్రంగా కడిగాక ఆరనివ్వండి” అని ఒక్క ముక్క రాశాను. గాయం చుట్టూ ఉన్న చర్మం ఆరాలి, లేకపోతే ప్లాస్టర్ అంటుకోదు అన్నది నా ఉద్దేశం. పుండు మానిందా అని అడగడానికి మనవైపు “ఆరిందా” అనే అంటాం కదా, చాలామంది పుండునే ఆరబెట్టారు. కృష్ణలంక నుంచి ఒకావిడ, బాబు మోకాలికి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి కూర్చోబెట్టానని రాశారు. అరండల్‌పేట హాస్టల్లో ఉండే డిగ్రీ అబ్బాయి వారం రోజులు ప్యాంటు పైకి మడుచుకుని తిరిగాడట. ఎనిమిదో రోజు మెట్లెక్కుతుంటే పక్కు పగిలి మళ్లీ రక్తం కారింది. తప్పు నా వాక్యంలో ఉంది. ఈ వారం వాపు గురించి చెప్పాల్సిన చోటులో సగం ముందు దీనికే ఇస్తున్నాను.

ముంజేతి మీద గీరుకుపోతే పక్కు కట్టి, దానంతట అదే రాలిపోతుంది. మోకాలు అలా కాదు. కూర్చున్నా, లేచినా, బండి ఎక్కినా వంగుతుంది. పక్కు వంగదు, విరుగుతుంది. విరిగినప్పుడల్లా కింద పుట్టిన లేత చర్మాన్ని కూడా చీల్చుకుని లేస్తుంది. 1962లో జార్జ్ వింటర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు పందుల చర్మం మీద పైపై గాయాలు పెట్టి, కొన్నిటిని గాలికి వదిలేసి, కొన్నిటిని పల్చటి ప్లాస్టిక్ పొరతో కప్పి చూశాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో అల్లుకుంది. కొత్త చర్మం అంచుల నుంచి మధ్యకి పాకుతూ వస్తుంది. చెమ్మ ఉంటే నేరుగా పాకుతుంది, పైన పక్కు ఎండిపోతే దాని కిందికి దిగి దారి వెతుక్కోవాలి.

కాబట్టి కడిగాక పుండు మీద వాజలీన్ పల్చగా రాయండి. దాని మీద మందుల షాపులో దొరికే పారఫిన్ గాజ్ (మెత్తటి పారఫిన్ పట్టించిన జాలిగుడ్డ), పైన మామూలు గాజుగుడ్డ. దూది వద్దు, పోగులు అతుక్కుంటాయి. రోజుకోసారి మార్చండి. మే నెలలో మన ఎండలకి చెమటతో కట్టు తడిసి జారిపోతుంది, అప్పుడు రెండుసార్లు.

ఇక పొడి సంగతి. ఇది నన్ను ఎన్నాళ్ల నుంచో బాధపెడుతున్న విషయం. పసుపు పొడి, కాఫీ పొడి, ముఖానికి రాసుకునే పౌడరు, షాపులో అడగ్గానే ఇచ్చే యాంటీబయాటిక్ పౌడరు, ఒక ఇంట్లో అయితే పొయ్యిలో బూడిద. ఏ పొడైనా కారుతున్న రసిని పీల్చుకుని గట్టి పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టగానే “ఆరిపోయింది” అని మనసు కుదుటపడుతుంది. అసలు మోసం అక్కడే ఉంది. మా చెల్లెలి కూతురు బ్రాడీపేటలో స్పీడ్ బ్రేకర్ దగ్గర స్కూటీ మీంచి పడింది. మూడో రోజు మా ఇంటికి వచ్చేసరికి మోకాలి మీద రూపాయి బిళ్లంత పసుపు పెచ్చు. పైకి పొడిగానే ఉంది. కాలు వంచమంటే పెచ్చు నడిమి పగులు విచ్చుకుని, అందులోంచి పల్చటి రసి చుక్క బయటికి వచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లలో గాజుగుడ్డ తడిపి పావుగంట దాని మీద ఉంచాను. అంచులు మెత్తబడి లేచాయి. లాగకుండా నీళ్లు పోస్తూనే ఒక్కో ముక్కా తీస్తే, కింద ఆవగింజంత కంకర ముక్కలు రెండు కనిపించాయి. మూడు రోజులూ అవి లోపలే ఉన్నాయి. పొడి వేయకుండా ఉంటే మొదటి రోజే కనిపించేవి. పసుపు మీద నాకు కోపం లేదు, కూరలో రోజూ వేస్తాను. పచ్చి పుండు మీద మాత్రం వద్దు. స్పిరిటూ, నీళ్లు కలపని డెటాలూ కూడా అంతే, క్రిములతో పాటు కొత్త కణాల్నీ కాలుస్తాయి.

వాపుకి వస్తాను. పడిన రోజు కాపడం పెట్టకండి. ఉప్పు మూట, వేడినీళ్ల బ్యాగు, బామ్‌తో మర్దన ఏదీ వద్దు, లోపలి రక్తస్రావం పెరుగుతుంది. కట్టు కట్టాకే ఐస్. ముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి, కవరుకి తువ్వాలు చుట్టి, 15 నిమిషాలు. రెండు మూడు గంటలకోసారి, మొదటి రెండు రోజులు. పడుకున్నప్పుడు కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. నేనైతే మోకాలి కింద ఒక్క దిండు పెట్టి వదిలేయను, మడమ దాకా రెండు దిళ్లు పరుస్తాను. వంగిన మోకాలు అలాగే బిగుసుకుపోతుంది.

ఎక్స్‌రే అవసరమా కాదా చూడడానికి కెనడాలోని ఒటావా వైద్యులు 1990ల్లో ఒక పద్ధతి తేల్చారు. వయసు 55 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, మోకాలి చిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పి పుట్టినా, మోకాలి బయటివైపు కింద తగిలే ఎముక బుడిపె నొక్కితే నొప్పి ఉన్నా, కాలు 90 డిగ్రీలు వంగకపోయినా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. అయిదింటిలో ఒక్కటున్నా చాలు. పడిన గంట రెండు గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బిందంటే కీలు లోపల రక్తం చేరి ఉండొచ్చు, అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. తర్వాతి రోజుల్లో ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, గజ్జల్లో బిళ్ల కట్టినా ఇంటి వైద్యం ఆపేయండి. షుగర్ ఉన్నవాళ్లు అంతదాకా ఆగకండి.

టీటీ, అంటే ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్ గురించి ఎక్కువమంది అడిగారు. టీకాలన్నీ సరిగ్గా పడినవాళ్లకి ప్రతి దెబ్బకీ ఇంజెక్షన్ అక్కర్లేదు. మట్టి చేరిన గాయమైతే చివరి డోసు పడి 5 ఏళ్లు దాటిందా చూడాలి, శుభ్రమైన చిన్న గాయమైతే 10 ఏళ్లు. పిల్లలకి 10, 16 ఏళ్లప్పుడు వేస్తారు, ఇప్పుడు టీటీకి బదులు టీడీ (ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకి కూడా పనిచేసే టీకా).

అభ్యాసం. కట్టు కట్టడం నేర్చుకోవడానికి 15 సెంటీమీటర్ల వెడల్పున్న క్రేప్ బ్యాండేజీ (సాగే పట్టీ) కొనండి. 10 సెంటీమీటర్లది నాకు నచ్చదు, మోకాలి మడత దగ్గర తాడులా చుట్టుకుపోతుంది. దెబ్బ లేని మోకాలికే కట్టండి. మోకాలి కింద నాలుగు వేళ్ల దూరంలో మొదలుపెట్టి పైకి చుట్టాలి, ప్రతి చుట్టూ కింది చుట్టులో సగాన్ని కప్పాలి. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రాకపోతే విప్పి మళ్లీ కట్టండి. లేచి ఇరవై అడుగులు నడిచి, కుర్చీలో కూర్చుని లేచినా జారకూడదు, తిమ్మిరెక్కకూడదు. రాత్రి పడుకునే ముందు విప్పేయాలి. వరసగా మూడు రోజులు, రోజుకి అయిదుసార్లు చేయండి. మూడో రోజు ఇంట్లో ఇంకొకరి మోకాలికి కట్టి, బిగుతు ఎలా ఉందో వాళ్లని అడగండి. ఈలోగా పిల్లల టీకాల కార్డు బయటికి తీసి, చివరి టీటీ లేదా టీడీ తేదీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.