బరువు మిషన్ పక్కన పెట్టి టేపు తీయండి

నాకు 48 ఏళ్లు. మూడేళ్లుగా బరువు అదే 62 కిలోలు, కానీ లంగా బొందు ముడికి రెండు వేళ్ల మేర చాలడం మానేసింది. బరువు పెరగలేదు కదా, పర్లేదులే అనుకున్నాను. తప్పు అక్కడే.

ముట్లు ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోతుంది, దాంతో అప్పటిదాకా తుంటికీ తొడలకీ చేరిన కొవ్వు పొట్ట లోపల, కాలేయం పేగుల చుట్టూ చేరడం మొదలుపెడుతుంది. వేళ్లతో పట్టుకుంటే దొరికే కొవ్వు కన్నా ఈ లోపలిదే చెడ్డది. ఇందులోంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి పోయి ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) పెంచుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, ఆ భారమంతా చివరికి గుండె మీద పడుతుంది. తొడలు లావుగా ఉన్నాయని బాధపడేవాళ్లు మాత్రం ఆ బెంగ వదిలేయొచ్చు, అక్కడి కొవ్వుతో అంత హాని లేదు.

ఇక కొలత. బెజవాడ బీసెంట్ రోడ్డులో బొత్తాలూ లేసులూ అమ్మే కొట్లలో దొరికే టైలర్ టేపు చాలు. మనలో చాలామంది లంగా బొందు గుర్తు పడిన చోట చుట్టేస్తారు, అది పొట్ట కిందకి జారి ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. లంగా వదులు చేసి, పక్కన చివరి పక్కటెముక ఎక్కడుందో, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో వేలితో తడిమి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన చుట్టండి. టేపు వెనకాల వంకరపోకూడదు, చర్మంలోకి దిగకూడదు. పొట్ట లోపలికి లాక్కోకుండా మామూలుగా ఊపిరి వదిలాక చూడండి (నేను మొదటిసారి లాక్కున్నాను, ఎవరూ చూడకపోయినా!).

మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు హద్దు. టేపు లేకపోతే మీ ఎత్తంత పురికొస తెంపి సగానికి మడవండి, అది నడుము చుట్టూ అందకపోతే నడుము ఎత్తులో సగం దాటినట్టే.

దాటితే కంగారు వద్దు, పరీక్షలు చేయించుకోండి. బీపీ 130/85 లేదా ఆపైన, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన, ట్రైగ్లిజరైడ్స్ 150 లేదా ఆపైన, హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, 50 కన్నా తక్కువ. నడుముతో కలిపి ఈ అయిదింట్లో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

పొట్ట ఒక్కచోటే తగ్గించే వ్యాయామం అంటూ ఏదీ లేదు, బెల్టులకి డబ్బులు పోయకండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, బెజవాడ ఎండల్లో అయితే ఆరు లోపే బయల్దేరాలి. దాంతోపాటు వారానికి రెండు రోజులైనా కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం లాంటివి చేయండి, ఈ వయసులో కండ కరిగిపోతుంది మరి. అన్నం మానక్కర్లేదు, రెండో వడ్డన మానితే చాలు, ఆ చోట పప్పు, రైతు బజారు కూరలు పెంచండి. సాయంత్రం పునుగులు మాత్రం నాకూ కష్టమే, వారానికి ఒక్కసారికి తెచ్చుకున్నాను.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఆడవాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పిగానే రావాలని లేదు. దవడ, వీపు నొప్పి, ఆయాసం, వికారం, చల్లచెమటలు, ఎప్పుడూ లేని నీరసం, ఇలా కూడా వస్తుంది. గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి, పిల్లల నిద్ర పాడవుతుందని మొహమాటపడకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

నడుము నెలకోసారి, పొద్దున్నే ఏమీ తినకముందు, అదే టేపుతో కొలిచి క్యాలెండర్ మీద రాసుకోండి. నాది 86 నుంచి 83కి వచ్చింది, బరువు మాత్రం ఒక్క కిలోనే తగ్గింది.