ఇంట్లో కోడిపిల్లలు – మూడో పాఠం: 18వ రోజు నుంచి మూత ముట్టుకోవద్దు

కిందటి పాఠంలో 7వ రోజు, 14వ రోజు గుడ్లకు లైటు పెట్టి చూసి, పిల్ల కట్టనివీ, మధ్యలోనే చచ్చి ఎర్రటి ఉంగరంలా రక్తపు గీత కనిపించేవీ తీసేశాం. మిగిలినవాటి మీద గాలి గది (గుడ్డు మొద్దు చివర లోపల గాలి ఉండే ఖాళీ) ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిల్‌తో గీయమన్నాను. గీశారు కదా, ఆ గీత ఇవాళ పనికొస్తుంది. ఇంక్యుబేటర్‌లోనూ (గుడ్లు పొదిగే మెషిన్) పెట్ట కిందా ఒకే రోజు గుడ్లు పెట్టమని మొదటి పాఠంలో ఎందుకంత పట్టుబట్టానో కూడా ఇవాళే తెలుస్తుంది.

ముందు రోజుల లెక్క సరిచూసుకోండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. గుడ్లు పొదగడానికి పెట్టిన రోజు ఒకటి కాదు, సున్నా. 24 గంటలు నిండితేనే ఒకటో రోజు. సోమవారం సాయంత్రం పెట్టిన గుడ్లకు మూడు వారాల తర్వాతి సోమవారం సాయంత్రానికి 21 రోజులు నిండుతాయి, 18వ రోజు అంటే దానికి ముందు శుక్రవారం సాయంత్రం.

ఆ సాయంత్రం తిప్పడం ఆపేయండి. ఇన్నాళ్లూ తిప్పింది పిల్ల లోపలి పొరకు అంటుకుపోకూడదని. ఇప్పుడది తల గాలి గది వైపు పెట్టుకుని సర్దుకుంటోంది, ఇంకా తిప్పితే దానికి ఇబ్బంది. తిప్పే ట్రే తీసేసి గుడ్లను అడ్డంగా పడుకోబెట్టండి, కింద గరుకుగా ఉండే రబ్బరు మ్యాట్ వేయండి. న్యూస్ పేపర్ మాత్రం వద్దు, నున్నటి కాగితం మీద పుట్టిన పిల్లకు కాళ్లు చెరో పక్కకూ జారిపోయి నిలబడలేకుండా అవుతుంది.

వేడి మార్చక్కర్లేదు. ఫ్యాన్ ఉన్న మెషిన్‌లో 37.5 డిగ్రీల సెల్సియస్, ఫ్యాన్ లేనిదాంట్లో గుడ్ల పైభాగం ఎత్తులో కొలిస్తే 38.3 నుంచి 38.9 దాకా. మారాల్సింది తేమ. ఇప్పటిదాకా 50 శాతం చుట్టుపక్కల ఉంచాం, ఇక 65–70 కావాలి. దీనికోసం గిన్నెలో నీళ్లు ఇంకా లోతుగా పోస్తే లాభం లేదు, తేమ నీటి లోతును బట్టి కాదు, నీటి పైభాగం ఎంత వెడల్పుందో దాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఇంకో వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టండి, లేదా తడి స్పాంజి పెట్టండి, పోసేది గోరువెచ్చటి నీళ్లే అయ్యుండాలి. మీరు గీసిన గీత చూడండి, గాలి గది గుడ్డులో మూడో వంతు దాకా వచ్చి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. బాగా చిన్నగా ఉంటే గుడ్డులోంచి నీరు సరిగా పోలేదన్నమాట, అలాంటప్పుడు 65 దగ్గరే ఆగండి.

(మీ తేమ మీటర్ మీద నమ్మకం లేదా? సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దలా అయ్యేటన్ని నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు గాలి చొరని కవర్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే అది 5 తక్కువ చెబుతోందని గుర్తుంచుకుంటే చాలు, కొత్తది కొనక్కర్లేదు. ఇది గుడ్లు పెట్టకముందే చేసుకోవాల్సిన పని, మొదటి పాఠంలో చెప్పడం మర్చిపోయాను.)

గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి, ఎందుకంటే పిల్ల ఇక ఊపిరితిత్తులతో గాలి పీల్చబోతోంది. ఇక మూత వేసేయండి.

ఆ తర్వాత లోపల జరిగేది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ముందు పిల్ల లోపలి పొరను పొడిచి గాలి గదిలోకి ముక్కు పెడుతుంది, బయటికి ఏమీ కనపడదు గానీ చెవి పెడితే కీచుమనే శబ్దం వినిపించవచ్చు. తర్వాత ముక్కు మీదుండే చిన్న గట్టి మొనతో పెంకును చిట్లగొడుతుంది. అది చూసి మనం ఎగిరి గంతేస్తాం, అదేమో ఆగిపోతుంది. పన్నెండు గంటలు, పద్దెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంచుమించు ఒక రోజు అలాగే ఉంటుంది. చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. నిజానికి లోపలి పొరలోని రక్తనాళాలు ఎండుతున్నాయి, మిగిలిన పచ్చసొన పొట్టలోకి వెళ్తోంది. అది పూర్తయ్యాకే పెంకు చుట్టూ గీసుకుంటూ తిరిగి, టోపీ తీసినట్టు తోసేసి బయటికొస్తుంది.

మొదటిసారి నేను ఎనిమిది గంటలు ఆగి, ఇక ఆగలేక మూత తీసి పెంకు కాస్త ఒలిచాను. రక్తం వచ్చింది, పిల్ల దక్కలేదు. అంతకన్నా పెద్ద నష్టం పక్క గుడ్లకు జరిగింది. మూత తీయగానే తేమ పడిపోయింది, అప్పటికే చిట్లిన మరో రెండింటిలో పొర ఎండి పిల్ల ఒంటికి ప్లాస్టిక్ కవర్‌లా బిగుసుకుపోయింది. అందుకే ఇంతగా చెబుతున్నాను. చిట్లి పూర్తిగా 24 గంటలు దాటినా కదలిక లేకపోతే మాత్రం చిల్లు దగ్గర కొద్దిగా పెంకు తీసి, పొర ఎండి ఉంటే గోరువెచ్చటి నీటితో తడపండి. రక్తపు చుక్క కనిపిస్తే వెంటనే ఆపేయండి.

పుట్టిన పిల్లలు ఆరి బొచ్చు విచ్చుకునేదాకా లోపలే ఉండనివ్వండి. ఆకలితో ఉంటాయని కంగారు వద్దు, పొట్టలోకి వెళ్లిన పచ్చసొన రెండు రోజులకు సరిపోతుంది. ముందు పుట్టినవి చేసే గోల విని మిగతావి కూడా కదులుతాయి. మధ్యలో కరెంటు పోతే మూత తీయకుండా దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం వదిలేయండి. ఈ దశలో పిల్లలే కొంత వేడి పుట్టిస్తాయి, కాసేపటి చలిని ఓర్చుకుంటాయి. ఎక్కువ వేడిని మాత్రం ఓర్చుకోలేవు.

ఇక పెట్ట సంగతి. దాని విషయంలో మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. చివరి రెండు మూడు రోజులు అది గూడు వదలదు, మేత, నీళ్లు ముక్కుకు అందేంత దగ్గర పెట్టండి. నీళ్లు లోతు తక్కువ గిన్నెలో పోసి గులకరాళ్లు వేయండి, లేకపోతే పుట్టిన పిల్ల అందులో పడి మునుగుతుంది. ఎన్ని పుట్టాయో చూద్దామని పెట్టను లేపకండి.

రెండింటికీ ఒకే రోజు పెట్టడం ఎందుకంటే, మెషిన్ పిల్లల్ని కూడా పెట్టకే అప్పగించడానికి. మెషిన్ పొదగగలదు, పెంచలేదు. పెట్ట కింద సొంత పిల్లలు కదలడం మొదలయ్యాక, బాగా చీకటి పడ్డాక వెళ్లండి. ఆరిన పిల్లను అరచేతిలో దాచి, వెనక నుంచి రెక్క కిందికి జార్చండి. మొదట ఒక్కటే. పది నిమిషాలు ఆగి వినండి, పెట్ట మెల్లగా గొణుగుతుంటే ఒప్పుకున్నట్టే, మిగతావి ఒక్కొక్కటిగా పెట్టండి. అన్నీ దాని కింద పట్టాలి, ఒకటి బయట మిగిలినా రాత్రి చలికి పోతుంది. మర్నాడు తెల్లవారకముందే వెళ్లి కూర్చోండి, అదే అసలు పరీక్ష, కొత్తవాటిని ముక్కుతో గట్టిగా పొడుస్తుంటే తీసేయాల్సిందే. పుట్టి మూడు రోజులు దాటాక ఇవ్వబోతే పెట్టా ఒప్పుకోదు, పిల్లలూ దాని వెంట వెళ్లవు.

ఏ గుడ్డు ఎప్పుడు చిట్లిందో, ఎప్పుడు పిల్ల వచ్చిందో రాసుకోండి. అన్నీ 20వ రోజుకే వచ్చేస్తే మీ మెషిన్ వేడి కాస్త ఎక్కువ, 22 దాటితే తక్కువ. వచ్చే పాఠం పెట్ట కాదన్న పిల్లల కోసం బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) తయారీ. మొదటి వారం 35 డిగ్రీలు కావాలి కాబట్టి బల్బు, అట్టపెట్టె, థర్మామీటర్ ముందే దగ్గర పెట్టుకోండి.