కంటి చీటీ చదువుదాం – 4వ పాఠం: ‘హై’ అంటే ఎంత?

పోయిన పాఠంలో స్ఫియర్ (కంటి అసలు పవరు), సిలిండర్ (ఒక దిశలో మాత్రమే కావలసిన అదనపు పవరు), యాక్సిస్ (ఆ సిలిండర్‌ని అమర్చే కోణం) గళ్ళు చూశాం. ఇవాళ ఆ గళ్ళ కింద డాక్టరు రాసే మాటల్లోకి వెళ్దాం.

కోఠీ కళ్ళద్దాల షాపులో ‘పవరెంత?’ అంటారు, ఇంట్లో ‘సైటు’ అంటారు, చీటీలో మాత్రం ‘హై మయోపియా’ అని ఉంటుంది. మయోపియా అంటే హ్రస్వదృష్టి, దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం. కళ్ళు చికిలించడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. (దీనికి ఎదురైనది, దగ్గరివి మసకబారే హైపర్‌మెట్రోపియా. దాన్ని కొందరు దూరదృష్టి అంటారు. అది ముందుచూపు ఉన్నవాళ్ళని మెచ్చుకున్నట్టుంటుంది. నా ఓటు దీర్ఘదృష్టికే.)

మైనస్ 6 లేదా అంతకు మించితే ‘హై’. కానీ స్ఫియర్ ఒక్కటే చూస్తే చాలదు. సిలిండర్‌లో సగం దానికి కలపాలి. స్ఫియర్ మైనస్ 8.50, సిలిండర్ మైనస్ 1.50 అనుకోండి. సగం 0.75, మొత్తం మైనస్ 9.25. దీని పేరు స్ఫెరికల్ ఈక్వివలెంట్.

ఆ అంకె ఎంత తీవ్రమో తెలియాలంటే 100ని దానితో భాగించండి. మైనస్ 10 ఉన్న మనిషికి అద్దాలు తీస్తే 10 సెంటీమీటర్ల దాకానే స్పష్టం. మెహదీపట్నంలో బస్సు నంబరు సంగతి దేవుడెరుగు, చేతిలో టికెట్టునే ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి.

ఇంత పవరు ఎక్కువగా కనుగుడ్డు పొడవు పెరగడం వల్లే వస్తుంది. పెద్దవాళ్ళలో ఆ పొడవు మామూలుగా 24 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. చీటీలో ‘యాక్సియల్ లెంగ్త్’ 26 దాటితే సాగిన కన్నన్నమాట.

ఇక చాలామంది తికమకపడే మాట ‘పాథలాజికల్ మయోపియా’. ఇది పవరుకి పెట్టిన పేరు కాదు. సాగి సాగి కంటి వెనక పొరలు దెబ్బతిన్నాయని అర్థం. కనుగుడ్డు వెనకభాగం ఉబ్బితే ‘పోస్టీరియర్ స్టాఫిలోమా’ అని రాస్తారు. స్టాఫిలే అంటే గ్రీకులో ద్రాక్షగుత్తి. మైనస్ 9 ఉన్నా చీటీలో ‘పాథలాజికల్’ అనే మాట పడనివాళ్ళున్నారు.

లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే అద్దాలు పోతాయి, కన్ను పొడవు పోదు. లేసిక్ చెక్కేది కంటి ముందున్న పారదర్శకమైన పొర కార్నియాని. కాబట్టి ఆ తర్వాత కూడా కనుపాపని పెద్దది చేసే చుక్కల మందు వేయించుకుని రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) చూపించుకుంటూ ఉండాలి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల జల్లు, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. రెటీనా ఊడుతుండవచ్చు.

అభ్యాసం: స్ఫియర్ మైనస్ 5.25, సిలిండర్ మైనస్ 2.00. ఇది ‘హై’ అవుతుందా? జవాబు 5వ పాఠంలో, రెండు కళ్ళ పవర్లకీ పొత్తు కుదరని అనైసోమెట్రోపియాతో పాటు.