కదలని డయాగ్నస్టిక్ డేటా మీట: నా అనుభవం

మా ఇంటి కంప్యూటరులో, విండోస్ 11 హోమ్ సెట్టింగ్స్‌లో, ఐచ్ఛిక డయాగ్నస్టిక్ డేటా (కంప్యూటరు పనితీరు, వాడకం గురించి మైక్రోసాఫ్ట్‌కు వెళ్లే అదనపు సమాచారం) మీట మసకబారి కదలడం మానేసింది. పైగా కొన్ని సెట్టింగులు మీ సంస్థ అధీనంలో ఉన్నాయన్న వాక్యం కనిపించేసరికి, నా సమాచారం మరెవరి చేతిలోనైనా ఉందా అన్న అనుమానం కలిగింది. రీస్టార్ట్, అప్‌డేట్, కొత్త యూజర్ ఖాతా, ఏవీ ఫలించలేదు.

ఆ 'సంస్థ' నేనే. గోప్యత కోసమని గతంలో నేను నడిపిన ఒక స్క్రిప్టు (ఆదేశాల ఫైలు) రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, పాలసీ (ఆ మీటను బిగించే నియమం) రాసిపెట్టింది. ముందుగా, ఏదైనా చెడితే పాత స్థితికి తిరిగి రావడానికి రీస్టోర్ పాయింట్ పెట్టుకుని, రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్, డేటాకలెక్షన్ అన్న వరుసలో లోపలికి వెళ్లాను. అక్కడ 'అలౌటెలిమెట్రీ' (AllowTelemetry) విలువ 0 అని ఉంది. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో 0 అంటే డయాగ్నస్టిక్ డేటా ఆగుతుంది గాని, హోమ్, ప్రోలలో దాన్ని 1గానే, అంటే తప్పనిసరి డేటా స్థాయిగానే పరిగణిస్తారు. కాబట్టి ఆ స్క్రిప్టుతో అంతా ఆగిందని ఇన్నాళ్లూ నేననుకున్నది భ్రమే. ఆ డేటాకలెక్షన్ కీని (ఫోల్డర్ లాంటిది) ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచి, ఆ ఒక్క విలువను తొలగించి, రీస్టార్ట్ చేశాక మీట కదిలింది. దాన్ని స్వయంగా ఆఫ్‌లో ఉంచి, అదే పేజీలో అంతవరకు పంపిన డయాగ్నస్టిక్ డేటాను తొలగించే బటన్ కూడా నొక్కాను.

తప్పనిసరి డేటా ఇప్పటికీ వెళుతూనే ఉంటుంది. విండోస్ కొత్త వెర్షన్లను ముందుగా పరీక్షించే ఇన్‌సైడర్ ప్రోగ్రామ్‌లో చేరిన కంప్యూటర్లకు ఐచ్ఛిక డేటా షరతు కనుక అక్కడ ఇది పనికిరాకపోవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ సందేశం నిజమే అయ్యుండవచ్చు, దాని జోలికి పోకండి.