పన్ను తీయించుకునే ముందు తాగుడు సంగతి డాక్టరుకు ఎలా చెప్పాలి

పన్ను తీయించుకోవడానికో, హెర్నియా ఆపరేషనుకో శ్రీకాకుళం రిమ్స్‌కు బయలుదేరేవారు బీపీ, షుగర్ చీటీలన్నీ సంచిలో సర్దుకుంటారు గాని, తాగే అలవాటు గురించి మాత్రం నోరు మెదపరు. పక్కన భార్యో, అన్నయ్యో ఉన్నారన్న మొహమాటం ఉంటే వారిని కాసేపు బయట కూర్చోమని చెప్పి అయినా సరే, ఆ మాట దాచకుండా చెప్పాలి.

ఎందుకంటే అతిగా తాగేవారికి కోసిన చోట రక్తం త్వరగా ఆగకపోవచ్చు. గాయమైన చోట మొదట అడ్డుకట్ట వేసేవి రక్తంలోని ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు. ఆ కట్టను గట్టిపరిచే ప్రొటీన్లలో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి. అతిగా తాగేవారిలో ఎముక మజ్జలో ప్లేట్‌లెట్ల తయారీ తగ్గుతుంది, ఉన్నవి కూడా ఒకదానికొకటి సరిగా అతుక్కోవు. కాలేయం ఇంకా బాగున్నవారు తాగడం మానేస్తే ఒకటి రెండు వారాల్లోనే ఆ సంఖ్య సాధారణంగా కోలుకుంటుంది. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వచ్చిందంటే మాత్రం ప్రొటీన్లూ తగ్గుతాయి, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుతుంది. అలాగని వీరికి రక్తపు గడ్డల భయం లేదనుకోకూడదు. కాలేయానికి రక్తం తీసుకువెళ్లే సిరలోనే గడ్డ కట్టవచ్చు.

వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు తాగారో చెప్పండి. "బీరే కదా" అని వదిలేయకండి, 8 శాతం ఉన్న 650 మి.లీ. బీరు సీసాలోని ఆల్కహాలు 60 మి.లీ. విస్కీ పెగ్గులు రెండింటితో సమానం. తాటికల్లు, జీలుగుకల్లు పులిసేకొద్దీ ఘాటు మారుతుంది కనుక ఎన్ని గ్లాసులో, ఏ పూట తాగారో చెబితే చాలు. పళ్లు తోముకునేటప్పుడు బ్రష్‌కు రక్తం అంటుతున్నా, దెబ్బ తగలకుండానే చర్మం కమిలినా అదీ చెప్పండి; ప్లేట్‌లెట్ల సంఖ్య, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే కొలత) పరీక్షలు అవసరమో లేదో డాక్టరు నిర్ణయిస్తారు.

గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రోమ్ మాత్ర వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒక్క రాత్రి అతిగా తాగితే ఐఎన్‌ఆర్ పెరగవచ్చు, ఏళ్ల తరబడి రోజూ తాగేవారిలో ఈ మాత్ర ప్రభావం తగ్గవచ్చు. మాత్రను సొంతంగా ఆపడం ప్రమాదకరం. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ మాత్ర) గాని, నొప్పి మాత్రలు గాని మద్యంతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది.

రోజూ ఎక్కువగా తాగేవారు ఆపరేషను ఉందని ముందురోజు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకే కొన్ని వారాల ముందే డాక్టరును కలిసి, వారు చెప్పిన పద్ధతిలో మానాలి.

పన్ను తీశాక దూదిని అరగంట కొరికిపట్టి ఉంచండి, ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడకండి, ఆ రోజు పుక్కిలించకండి, మద్యం ముట్టకండి. అయినా రక్తం ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. వాంతిలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, తాగి పడి తలకు దెబ్బ తగిలినా తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి.