పొద్దున లేవగానే వరుస తుమ్ములా? కారణం కనిపెట్టి తగ్గించుకోవడం ఎలా?

మామూలు జలుబు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. అలా తగ్గకుండా నెలల తరబడి పొద్దున్నే వరుస తుమ్ములు, ముక్కు దురద, నీళ్లలా కారడం ఉంటే అది చాలావరకు అలర్జీయే. ‘నాకు జలుబు తత్వం’ అని సరిపెట్టుకుని, ఓపిక పోయిన రోజున మెడికల్ షాపులో ఒక బిళ్ల కొని వేసుకునేవాళ్లు చాలామంది. బిళ్లతో ఆ పూటకు హాయిగానే ఉంటుంది. కానీ కారణం తెలియకపోతే రేపు మళ్లీ ఇదే గొడవ.

ముక్కు లోపలి పొరకు దుమ్మో, పుప్పొడో, ఘాటో తగలగానే ముఖంలోని ట్రైజెమినల్ నరం మెదడు కింది భాగానికి కబురు పంపుతుంది. వెంటనే ఛాతీ, పొట్ట, గొంతు కండరాలు కలిసి గాలిని విసురుగా బయటకు తోస్తాయి. అలర్జీ ఉన్నవాళ్లకు హిస్టమిన్ అనే రసాయనం కూడా విడుదలవుతుంది, దురదా నీళ్లూ దానివల్లే. పోపులో ఎండుమిర్చి మాడితే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. అది అలర్జీ కాదు, ఉత్త ఘాటు.

1. ముందు రాసుకోండి

రెండు వారాల పాటు తుమ్ములు ఎప్పుడు, ఎక్కడ వచ్చాయో ఫోన్‌లో రాసుకోండి. పక్క దులిపినప్పుడా? ఊడ్చేటప్పుడా? అగరుబత్తి, దోమల కాయిల్ వెలిగించాకా? వయ్యారిభామ మొక్కలున్న ఖాళీ స్థలం పక్కనుంచి వెళ్లినప్పుడా? నీడలోంచి ఎండలోకి రాగానే ఒకటి రెండు వచ్చి ఆగిపోతే మాత్రం కంగారు వద్దు. కొన్ని కుటుంబాల్లో అది వంశపారంపర్యంగా ఉంటుంది, మందు అక్కర్లేదు.

2. పక్కను సరిచేయండి

పొద్దునపూట తుమ్ములకు నేను మొదట అనుమానించేది పరుపు, దిండ్లనే. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతికే డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని జీవులు వాటిలో ఉంటాయి. తేమ ఎక్కువైతే ఇవి బాగా పెరుగుతాయి. అందుకే వానాకాలంలోనూ, కోస్తా ఊళ్లలోనూ వీటి బెడద ఎక్కువ. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. చన్నీళ్లకు ఇవి చావవు. దిండ్లకు, పరుపుకు జిప్పు కవర్లు వేయండి. గది ఊడ్చడం కంటే తడిగుడ్డ పెట్టడం నయం. ఏసీ ఫిల్టర్ కూడా కడగండి.

3. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి

ఖర్చు లేని ఈ పనిని మనవాళ్లు ఎందుకో పట్టించుకోరు. మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర చెంచా అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు మరిగించకుండా వాడొద్దు. నీళ్లలో ఉండే నెగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణాంతకం. అరుదే, కానీ నీళ్లు మరిగిస్తే ఆ భయమే ఉండదు.

సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు వంచి, నోటితో ఊపిరి తీస్తూ పై రంధ్రంలో మెల్లగా పోయండి. కింది రంధ్రంలోంచి వచ్చేస్తాయి. రెండోవైపు కూడా చేసి, ఒక్కో రంధ్రం మెల్లగా చీదండి. రెండూ మూసి గట్టిగా చీదితే చెవుల్లోకి ఒత్తిడి వెళ్తుంది. పసిపిల్లలకు మాత్రం డాక్టర్ చెప్పిన చుక్కలు చాలు.

4. స్ప్రే వాడే పద్ధతి

ముక్కు అలర్జీకి డాక్టర్ రాసిన స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి రెండు వారాల వరకు పట్టొచ్చు. రెండు రోజులు కొట్టి ‘గుణం లేదు’ అని పక్కన పడేయకండి. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టండి. అప్పుడు మందు మధ్యగోడకు కాకుండా బయటి గోడకు తగులుతుంది. మధ్యగోడకే రోజూ తగిలితే రక్తం వస్తుంది. మందు గొంతులోకి దిగిందంటే మరీ గట్టిగా పీల్చినట్టే.

ముక్కు దిబ్బడకు వేసే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు దీనికి పూర్తిగా వేరు. వాటిని మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే ఆపగానే ముక్కు ఇంకా బిగుసుకుపోతుంది. అడగగానే షాపులో ఇచ్చేస్తారు కాబట్టి ఈ జాగ్రత్త మనమే పడాలి. అలర్జీ బిళ్ల సిట్రిజిన్ వేసుకుంటే కొందరికి మత్తుగా ఉంటుంది, ఆ పూట బండి నడపకండి.

5. తుమ్మును ఆపుకోకండి

మంచి పని మొదలుపెడుతుంటే తుమ్మకూడదని పిల్లల్ని ఆపుకోమంటారు. ముక్కూ నోరూ మూసి తుమ్మును బిగబట్టిన ఒక వ్యక్తికి గొంతు లోపల చిరిగిన కేసు 2018లో బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చింది. మోచేతి వంపులోకి తుమ్మితే సరిపోతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

తుమ్ములతో పాటు ఆయాసం, పిల్లికూతలు ఉంటే, ఒక వైపు ముక్కునుంచే పదేపదే రక్తం వస్తుంటే ఆలస్యం చేయొద్దు. చిన్నపిల్లలకు ఒకే ముక్కులోంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల పూసో, చింతగింజో ఇరుక్కుని ఉండొచ్చు. పిన్నుతో లాగబోతే ఇంకా లోపలికి పోతుంది, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీ అని అనుమానం ఉంటే గంటల్లోనే లోపల కాలుతుంది, తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి.